కుడితి గోలెంలో రష్యా

మా చర్చి సంఘంలో ఈ కథను ఎవరు చెప్పినా ఒకే తీరుగా చెబుతారు. రష్యాలో ఎక్కడో అణువిద్యుత్ కేంద్రం పేలితే ఇక్కడ హసన్‌పర్తిలో బాటనీ మేడంకు చెమటలు పట్టాయట. పేపర్లో నాలుగు ముక్కలు చదివి, చర్చిలో పంచే పాలపొడి మంచిది కాదని ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. సొంత తమ్ముడి బిడ్డ నోటికాడి పాలను పారబోయించిందట. తీరా చూస్తే ఎవరికీ ఏమీ కాలేదట. ఈ చివరి మాట అనేటప్పుడు చెప్పేవాళ్ల ముఖంలో ఒక వెలుగు వస్తుంది చూడండి, క్రిస్మస్ నాడు కూడా అంత వెలుగు రాదు.

ఆ బాటనీ మేడం నేనే. కాబట్టి కథలో నా వంతు సవరించే హక్కు నాకుంది. నేను ఇల్లిల్లూ తిరగలేదు. కాలేజీలో ఆడపిల్లలకు పాఠాలు చెప్పి ఇల్లు చేరేసరికే గొంతు పోయేది, ఇంకా తిరగడం ఎక్కడ? రెండు మూడిళ్లలో చెప్పాను, మిగతా ఊరి సంగతి ఆ ఇళ్లవాళ్లే చూసుకున్నారు. ఇక పాలు పారబోయించడం. ఎవరూ ఏదీ పారబోయలేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది. మావాళ్లు పారబోసే మనుషులే అయితే నేను ఇది రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

పేలుడు జరిగిన ఏడు వానాకాలంలో మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. చలికాలం మొదట్లో మా మరదలికి టైఫాయిడ్ వచ్చింది. దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి ఆమెకు పాలు ఎండిపోయాయి. ఇంట్లో బర్రె చూడితో ఉండి పాలివ్వడం మానేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మిషన్ ద్వారా పాలపొడి బస్తాలు వచ్చాయి. ఏదో చలిదేశం నుంచి దాతలు పంపారన్నారు. బస్తా మీది అక్షరాలు ఇంగ్లిషువే గానీ మాటలు ఇంగ్లిషు కావు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఇంటి అరుగు మీద బస్తా విప్పేవారు. బాలింతల ఇళ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని వరుసలో నిలబడితే డబ్బాతో కొలిచి పోసేవారు. ఆ వరుసలో మొదటి మనిషి మా అమ్మ. ఆఖరి ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుని ఉండగానే ఆమె కాళ్లు చెప్పుల్లోకి వెళ్లిపోయేవి.

పొడి పని చేసింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఎండుపుల్లలా ఉన్న పిల్ల కొద్ది వారాల్లోనే బుగ్గలతో బొద్దుగా తయారైంది.

అంతలో పేపర్లో వార్తలు మొదలయ్యాయి. పరదేశాల నుంచి వచ్చే పాలపొడిలో, వెన్నలో ఆ పేలుడు తాలూకు రేడియోధార్మికత ఉండొచ్చని కొందరు, అంతా క్షేమమేనని కొందరు. చదివినవాళ్లు ఎవరికి ఇష్టమైన సగాన్ని వాళ్లు నమ్మారు. నాకు నమ్మకాలతో పని లేదు, మొక్కల సంగతి తెలుసు. అదే నా పాపం.

డెబ్బైల్లో నేను డిగ్రీ చదివేటప్పుడు మా లెక్చరర్ ఒకాయన బోర్డు మీద రాశారు, మొక్క తనకు కావలసిన లవణాలనే ఎంచుకుని పీల్చుకుంటుందని. లేచి అడిగాను, “ఎంచుకోవడానికి దానికి కళ్లున్నాయా సార్?” అని. క్లాసంతా నవ్వింది. ఆయన కూర్చోమన్నారు. కూర్చున్నాను గానీ ఒప్పుకోలేదు. తర్వాత నేను పాఠం చెప్పే రోజుల్లో ఆ వాక్యాన్ని ఎప్పుడూ రాయించలేదు. వేళ్లకు కాపలా ఉన్నమాట నిజమే. కానీ ఆ కాపలా మా కాలేజీ గేటు దగ్గరి వాచ్‌మన్ లాంటిది. యూనిఫాం వేసుకుని వచ్చిన ప్రతి పిల్లా కాలేజీ పిల్లే. పేలుడులో ఎగిసిన వాటిలో సీజియం అనేదొకటి ఉంది. అది పొటాష్‌కు దగ్గరి చుట్టం. పొటాష్ కోసం తెరిచిన తలుపులోంచే అదీ లోపలికి నడిచి వస్తుంది. స్ట్రాన్షియం అనే ఇంకొకటి ఉంది. దానికి ఎముకల్లోని సున్నం వేషం. మట్టిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి ఆవులోకి, ఆవులోంచి పాలలోకి వచ్చేదాకా ఎవరూ ఆ వేషాన్ని పట్టుకోరు.

ఈ సంగతి మా అమ్మకు చెప్పడానికి వెళ్లాను. ఆమె వంటింటి గడపలో కూర్చుని తోటకూర తెంపుతోంది.

“గడ్డి మీద దుమ్ము పడ్డది, ఆవు తిన్నది, పాలల్లకు వచ్చింది. గంతేనా నువ్వు జెప్పేది?” అంది. “గడ్డిని కడిగి పెడితే అయిపోవు గద.”

“దేశం గడ్డినంతా ఎవరు కడుగుతరమ్మా? ఆకు మీద పడ్డదైతే కడిగితే కొంత పోతది. వానకు భూమిలకు దిగి, వేళ్లల్లకెల్లి వచ్చినదాన్ని ఎట్ల కడుగుతవ్? అది ఆకు లోపటుంటది.”

“గా మొక్కకు తెలువదా, అది మంచిది గాదని?”

“తెలువదు. పొటాష్ అనుకుంటది.”

“మేకకు తెలుస్తది ఏ ఆకు తినాలె, ఏది తినొద్దో. చెట్టుకు తెలువదట! ఏం సదువులే మీయి.”

“చెట్టును ఇడిసిపెట్టు. రేపు నీ మనుమరాలి ఎముకలకు తెలుస్తదా, ఏది సున్నమో ఏది కాదో? పసిపిల్లల ఒళ్లు పెరిగే ఒళ్లు. వచ్చినదాన్నల్ల పట్టుకుంటది.”

అమ్మ చేతిలో తోటకూర కాడ ఆగింది. లోపల ఊయలలో పిల్ల ఏదో కూసింది. అమ్మ అటు చూసి, నా వైపు తిరిగి, కోపంగా అంది.

“మరేం జెయ్యమంటవ్? పొల్లను ఆకలికి సంపమంటవా?”

నేను అడుగుతున్నది చాలా చిన్న పని. ఆ బస్తాలు ఎప్పుడు తయారయ్యాయి, ఎవరైనా పరీక్ష చేశారా, ఈ రెండే. వాటికోసం సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాను. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. బండి కదలాలన్నా, ఆగాలన్నా తన జెండానే అనుకునే అలవాటు ఇంకా పోలేదు. నేను వెళ్లేసరికి అరుగు మీద కొలుస్తున్నారు, ముందు ఆడవాళ్లు బారుగా నిలబడ్డారు.

“వందనాలు పెద్దయ్యా. గీ పొడి ఏ నెలల తయారైందో రాసున్నదా? ఎవరన్న పరీక్ష చేసిన్రా?”

“వందనాలు బిడ్డా. దాతలు ప్రేమతోని పంపిన్రు.”

“ప్రేమ సంగతి అడుగుతలేను. తారీకు అడుగుతాన్న.”

“నువ్వు జర ఎక్కువ సదివినవ్. ప్రార్థన చేసే పంచుతానం గద.”

“ప్రార్థన మనుషులకు చెయ్యున్రి పెద్దయ్యా. పొడిని పరీక్షకు పంపున్రి.”

ఆయన డబ్బాను బస్తాలో గుచ్చి నిలబెట్టారు. “నువ్విట్ల లొల్లి పెడుతున్నవని ఆళ్లకు తెలిసి, రేపు పంపుడు బంద్ జేస్తే? అప్పుడు ఈళ్లందరి పిల్లలకు నువ్వు తాపుతవా పాలు?”

వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. గిన్నెలు పట్టుకున్న చేతులే గానీ ఆ చూపుల్లో మాత్రం రాళ్లున్నాయి. వాళ్లను తప్పుపట్టను. ఆయన అడిగిన ప్రశ్న వాళ్లందరిదీ. నాకు మండింది ఎక్కడంటే, తారీకు అడిగిన మనిషి నోరు మూయించడానికి ఆకలిగొన్న పిల్లలను అడ్డం పెట్టుకోవడం దగ్గర. మంచి పని చేసేవాళ్లకు ఈ విద్య ఎలా వస్తుందో గానీ, చాలా తొందరగా వస్తుంది.

పొడి కొంచెం టిఫిన్ డబ్బాలో వేసుకుని హనుమకొండలో నాకు తెలిసిన ఫిజిక్స్ లెక్చరర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ల్యాబులో రేడియోధార్మికతను చప్పుళ్లుగా వినిపించే పాత యంత్రం ఒకటుంది. ప్రాక్టికల్స్ రోజున తప్ప దాని మీది గుడ్డ తీయరు. పొడి దగ్గర పెడితే టిక్కు, టిక్కు మంది. నా గుండె కూడా దానితో పాటే. ఆయన నవ్వి, పొడిని పక్కకు జరిపారు. అప్పుడూ అంతే చప్పుడు. ఆ తర్వాత యంత్రాన్ని వరండాలోకి తెచ్చి నల్లరాతి మెట్టు మీద పెట్టారు. అక్కడ ఇంకొంచెం గట్టిగా మోగింది.

“మేడం, మీ పొడి కంటే మా మెట్టుకే మాటలెక్కువ,” అన్నారాయన.

“అంటే పొడిలో ఏమీ లేనట్టా?”

“అలా నేను చెప్పను. మన గుట్టల రాయిలో పుట్టుకతోనే కొంత ఉంటుంది, దానివల్ల ఎవరూ మెట్లెక్కడం మానలేదు. తినేదాంట్లో ఉండే కొద్దిపాటిది ఈ యంత్రానికి వినపడదు. అది తేల్చడానికి వేరే ల్యాబులున్నాయి, మన దగ్గర లేవు. నాకు తెలియదని చెప్పండి. లేదని మాత్రం నా పేరు మీద చెప్పకండి.”

ఆ మాటను పొల్లు పోకుండా మోసుకొచ్చి చెప్పాను. మావాళ్ల చెవులు కూడా వేళ్ల లాంటివే అని అప్పుడు తెలిసింది. పోలిక ఉన్నదాన్ని లోపలికి తీసుకుంటాయి, తేడాను చూడవు. తెలియదు అన్నదాన్ని లేదు అని విన్నారు. మెట్టు సంగతిని మాత్రం ఇంకో తీరుగా విన్నారు. ఆ ఆదివారం చర్చికి వెళ్తే సంఘ పెద్ద ఇంటి రాతి అరుగు మీద ఒక్క ఆడమనిషి కూర్చోలేదు. పసిపిల్లలను చంకనెత్తుకుని దూరంగా ఎర్రమట్టిలో నిలబడ్డారు.

“ఏంది, అరుగెక్కుతలేరు?” అని ఒకామెను అడిగాను.

“మీరే జెప్పిన్రట గద మేడం, రాళ్లల్ల ఉన్నదని.”

తాతల కాలం నుంచి ఎండాకాలం నడుము వాల్చిన రాయి ఒక్క వారంలో వైరి అయింది. పొడి మాత్రం గిన్నెల్లోకి వెళ్తూనే ఉంది.

అయితే నా గొడవ ఊరికే పోలేదు. కొందరు తల్లులు పొడి తీసుకోవడం మానేశారు. బస్తాలు మిగలడం మొదలైంది. అప్పుడు సంఘ పెద్దలు కూర్చుని నన్ను పిలవకుండా ఒక తీర్మానం చేశారు. పిల్లలకు పొడి పంచడం నిలిపేస్తున్నామన్నారు. అది విని నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. పరీక్షల డ్యూటీలు కూడా మీద పడటంతో కొన్నాళ్లు మా తమ్ముడి ఇంటి వైపు వెళ్లలేదు. ఈలోగా బర్రె ఈనిందని, పిల్లకు ఇక పొడి అక్కరలేదని, ఇంటి పాలే నీళ్లు కలిపి పడుతున్నామని కబురు వచ్చింది. దేవుడికి దండం పెట్టుకున్నాను.

డ్యూటీలు అయ్యాక ఒక సాయంత్రం వెళ్లాను. అమ్మ చిక్కటి చాయ చేసి ఇచ్చింది. ఎంత బాగుందో. ఇంకో కప్పు అడిగి తాగాను. మా మరదలు ఒళ్లో పిల్ల పాలగిన్నెను రెండు చేతులా పట్టుకుని లాగుతోంది. కప్పు కడుగుదామని పెరట్లోకి వెళ్లాను.

పెరట్లో కుడితి గోలెం ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల చెక్కులు, మిగిలిన అన్నం, అన్నీ ఆ రాతి తొట్టిలో పడాల్సిందే. తవుడు కలిపితే బర్రెకు అదే విందు. మా ఇళ్లలో చెత్తబుట్ట అనేది లేదు, బర్రె ఉంది. ఆ కుడితి ఎప్పుడూ మసకగా, గోధుమరంగులో ఉంటుంది. ఆ సాయంత్రం తెల్లగా, నురగతో, పెళ్లి పాయసంలా ఉంది. బర్రె మూతి నిండా తెలుపు.

“అమ్మా! గిదేందే?”

“పొడి,” అంది అమ్మ, వెనకాలే వచ్చి. “పిల్లలకు వద్దన్నరు గద. పారబోసుడు పాపమని బర్లున్నోళ్లకు పంచిన్రు. మనకు సగం బస్తా అచ్చింది. సూడు, గందుకే గిన్ని పాలిస్తాంది.”

నేను గోలెం అంచు పట్టుకుని నిలబడ్డాను. పెద్దల తీర్మానంలో నాకు ఎవరూ చెప్పని రెండో సగం అది.

“పిల్లకు వద్దన్నదాన్ని బర్రెకు పెట్టి, బర్రె పాలు పిల్లకు పడతాన్నరా?”

“మరి? బర్రె తాగినంక అది బర్రె పాలాయె గద.”

“గడ్డి తిన్న ఆవు నుంచి పాలల్లకు అచ్చిందని నేను మొత్తుకున్నది ఎవరికోసం? గా ఆవు సేసిన పనే ఈ బర్రె కూడ సేస్తది!”

అమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. గెలిచే మాట దొరికినప్పుడు ఆమె అలాగే నిలబడుతుంది. “బర్రె కడుపుల నాలుగు అరలుంటయని సెప్పింది ఎవరు? నువ్వే గద. ఒకదాంట్లకెల్లి ఒకదాంట్లకు పోతదని. నాలుగు తీర్ల వడకట్టినంక ఇంకేముంటది అండ్ల?”

ఇన్నేళ్ల నా బోధన మొత్తం మీద ఇంత శ్రద్ధగా విన్న విద్యార్థి ఇంకొకరు లేరు. ఆ అరలు గడ్డిని అరిగించడానికే గానీ వడకట్టడానికి కాదని చెప్పాను. లోపలికి పోయినదాంట్లో కొంత పాలలోకి వస్తుంది, కొంత మూత్రంలో, పేడలో పోతుంది అన్నాను.

“పేడల పోతది గద! మరింకేంది ఫికర్?”

“పేడ ఎటు పోతాందమ్మా?”

ఆ దారి అమ్మకు తెలియంది కాదు. పేడ పెంటకుప్ప మీదికి పోతుంది. ఆ ఎరువు పెరటి మడిలోకి పోతుంది. మడిలో అప్పుడు పాలకూర మోకాలెత్తున నిగనిగలాడుతోంది. అమ్మ చూపు పాలకూర మీదికి వెళ్లి, అక్కడి నుంచి వంటింట్లోకి వెళ్లి, తిరిగి నా మీదికి వచ్చింది. మన మట్టిలోని బంక సీజియంను చాలావరకు గట్టిగా పట్టి ఉంచుతుందనీ, ఆకుల్లోకి వచ్చేది కొంచెమే ఉంటుందనీ ఆ క్షణాన చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. రెండు కప్పుల చాయ తాగిన కోపంలో ఉన్నాను.

అప్పటిదాకా మాట్లాడని మా మరదలు పిల్లను చంకనేసుకుని బయటికి వచ్చింది. టైఫాయిడ్ తర్వాత ఆమె గొంతు సన్నబడిపోయింది, మేమిద్దరం అరుచుకుంటుంటే వినపడేదే కాదు.

“వదినె, మీ ఇద్దరి లొల్లి అయిపోయిందా? ఇప్పుడు నా బిడ్డకు రేపు పొద్దుగాల ఏం తాపాలె, అది జెప్పు.”

“పాలాయన దగ్గర కొనున్రి.”

“పాలాయన కూడ మన సంఘపోడే. ఆయనకు నిండు బస్తా ఇచ్చిన్రు.”

అంటే ఊళ్లో ఉన్న ప్రతి పాలచుక్కా ఆ అరుగు మీది నుంచే వస్తోంది. పిల్లల గిన్నెల్లో పోస్తే వాళ్లు మాత్రమే తాగేవాళ్లు. ఇప్పుడు అందరం తాగుతున్నాం, చాయలో, పెరుగులో, వెన్నలో. పెద్దల తీర్మానం గొప్పది, ఎవరికీ లోటు చేయలేదు.

మరదలు ఇంకా నా ముఖమే చూస్తోంది. పిల్ల ఆమె మెడలో గొలుసు నోట్లో పెట్టుకుంది. ఆ పిల్ల ఎముకల గురించి నాకున్న భయం చిన్నది కాదు, కానీ ఆ తల్లికి ఉన్నది రేపటి ఆకలి భయం. ఆలోచించి చెప్పాను, బర్రెకు పొడి ఆపేసి తవుడే పెట్టమని. తిండి శుభ్రమైతే కొన్ని వారాల్లో దాని ఒంట్లోంచి చాలావరకు పోతుంది. అప్పటిదాకా పిల్లకు తైదల జావ, అదే రాగి జావ, పప్పు కట్టు, మెత్తగా మెదిపిన అన్నం. పాలు తాగే వయసు దాటి నమిలే వయసుకు వస్తూనే ఉంది.

“తైదలా?” అంది అమ్మ. “పొడి మంచిది గాదు, పాలు మంచియి గాదు. తైదలు ఏ భూమిల పండినయో అడిగినవా మరి?”

“నెక్కొండ కాడ పండినయి.”

“నెక్కొండల గిట్ల పేలుతే?”

పిల్ల మొదటి రోజు జావను అమ్మ చీర మీద ఉమ్మింది, రెండో రోజు గోడ మీద. అమ్మ ప్రతి చెంచాకూ నన్ను తిట్టింది. కానీ గోలెంలో మళ్లీ పొడి వేయలేదు. మరదలు వేయనివ్వలేదు. తెల్లారకముందే లేచి తవుడు తానే కలిపేది, కలిపాక ఆ పక్కనే కూర్చునేది. కొన్ని వారాలకు పిల్ల మళ్లీ పాలగిన్నె పట్టుకుంది. మిగిలిన పొడి ఎటు పోయిందో అమ్మ చెప్పలేదు. ఆ ఎండాకాలం పాలకూర కట్టలు కట్టలుగా నాకు పంపింది. నేను మర్యాదగా తీసుకుని, మర్యాదగా వండలేదు.

సంఘంలో కథ ఇంకో తీరుగా స్థిరపడింది. బర్రెలు రెండింతలు పాలిచ్చిన ఏడు అది. దేవుడి దయ అన్నారు. నేను నోరు తెరిస్తే, “ఎవలకేమైంది జెప్పు?” అంటారు. ఏమీ కాలేదు అనడానికీ, ఏమీ లేదు అనడానికీ మధ్య ఒక ఊరంత దూరం ఉంది. ఆ పొడిలో ఏముందో నాకు తెలియదు. ఏమీ లేకపోయినా ఉండొచ్చు. వెతకనిదాన్ని లేదని సంబరపడటం మాత్రం నాకు చేతకాదు.

ఆ పిల్ల ఇప్పుడు మా కాలేజీలోనే చదువుతోంది, నా క్లాసులో ముందు బెంచీ మీద కూర్చుంటుంది. పొడుగ్గా పెరిగింది, వాదనలో నన్ను మించింది. ఆమె పుట్టిన ఏటి సంగతి వాళ్లమ్మ చెప్పిందట. మొన్న ఇంటికి వచ్చి, చేతులు చాపి చూపిస్తూ, “అత్తా, ఎముకలు మంచిగనే ఉన్నయి గద? ఇగనన్న ఊకుంటవా?” అంది.

ఊకోను. అప్పటి సంఘ పెద్ద ఇప్పుడు లేరు, ఆయన తర్వాత వచ్చినాయనకు బస్తాల సంగతే తెలియదు. దాతల చిరునామా అడిగితే, ఇచ్చిన చేతిని ప్రశ్నించడం బాగుండదన్నాడు. ఇచ్చినవాళ్ల ప్రేమను నేను అప్పుడూ శంకించలేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే. అంత మంచి పొడి ఇంటి నిండా ఉండగా, అన్ని బస్తాలు ఊరు దాటించిన ఆ దేశంలో, ఆ చలికాలం తమ పసిపిల్లలకు తల్లులు ఏ పాలు పట్టారు?